తూర్పు కిటికీ పక్క గోదారి

ముప్పై ఏళ్ళుగా నేను రాసిన ప్రతి అక్షరానికీ నీడ కుడిపక్కకి, కిందికి పడింది. అలా ఎందుకని ఎవర్నీ అడగలేదు. బోర్డులు రాసేవాడి లోకంలో సూర్యుడు ఎప్పుడూ ఎడమచేతి పైమూలనే ఉంటాడు. కిరాణా దుకాణమైనా అంతే, దవాఖానా అయినా అంతే, ఎలక్షన్లప్పుడు గోడ మీద గుర్తు వేసినా అంతే. నాచారం నుంచి ఉప్పల్ దాకా ఒకప్పుడు నా అక్షరం లేని వీధి ఉండేది కాదని చెబితే మా ఆవిడ హైమావతి నవ్వుతుంది గానీ, అది నిజమే.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నేను రెండు రోజులు కూర్చుని రాసే బోర్డును మిషను పది నిమిషాల్లో కక్కేస్తుంది. నా బామ్మర్ది భూషణం నాచారంలో అలాంటి మిషనొకటి పెట్టుకుని బాగుపడ్డాడు. నిరుడు ఎండాకాలం మొదట్లో మా ఇంటికొచ్చాడు.

"బావా, ఇంకెన్ని దినాలు ఆ బ్రష్షు పట్టుకొని తిరుగుతవ్? నా దగ్గరికొచ్చి కూసో. కంప్యూటర్ల అక్షరాలు సరిజేసుడే పని. ఏసీ గూడ ఉంది" అన్నాడు.

మంచికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "నీ ఏసీల నువ్వే సల్లగ కూసో" అన్నాను. హైమ ఒక్క మాట అనకుండా కంచాలు తీసుకుని లోపలికి పోయింది. ఆమె తిడితే నాకు ఫికరు లేదు. ఏమీ అనకపోతేనే భయం.

ఆ వారంలోనే త్రిమూర్తులుగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఉప్పల్లో రెండో అంతస్తు ఫ్లాటు, ఇంట్లో ఆయనా, ఆయన తల్లి రాజ్యమ్మగారూ ఇద్దరే. సొంతూరు గోదావరి ఒడ్డున ఎక్కడో. నన్ను తల్లి గదిలోకి తీసుకుపోయి ఖాళీ గోడ చూపించాడు. పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు.

"అమ్మకి కళ్ళు పోతున్నాయండి. నీటికాసులు. ఒక కన్ను పోయింది. రెండోదాంట్లో గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త కనబడుతుంది. అదెన్నాళ్ళుంటుందో డాక్టర్లు చెప్పలేమన్నారు. వానాకాలం దాకా ఉంటే గొప్పేనట. గోదారి చూడాలంటోంది. తుంటి విరిగాక కార్లో అరగంట కూర్చోలేదు, అంత దూరం ఎలా తీసికెళ్ళను? అందుకని గోదారినే ఇక్కడికి తెద్దామని" అన్నాడు. ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. వంతెన, సాయంత్రం, ఎర్రటి సూర్యుడు. "ఇలా వేసేయండి చాలు. మీరు గోదారి చూశారుగా?"

"సూసిన సార్" అన్నాను. అన్నవరం పోతూ రైల్లో దాటాను. దాటేటప్పుడు నిద్రపోతున్నాను. అది చెప్పలేదు. అక్షరాలు కాకుండా నేను వేసిన బొమ్మలంటే స్కూలు గోడల మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి నీలంగా జారే ఏరు. అదీ చెప్పలేదు.

రాజ్యమ్మగారు మంచం మీద కూర్చుని నా గొంతు వచ్చిన వైపుకి తల తిప్పింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, బక్కగా, నిటారుగా. "ఎండలు ముదరకముందే మొదలెట్టు నాయనా" అంది. అంతే.

మొదలుపెట్టాను. ఆ గదికి తూర్పున పెద్ద కిటికీ ఉంది, గోడకి కుడిపక్కన. కానీ ఎండ ఆమె కంటికి గుచ్చుకుంటుందని దానికి మందపాటి కర్టెన్లు వేసి, పగలంతా ట్యూబులైటు వేసుకునే ఉంటారు. నాకూ అదే బాగుంది. ఎండ జరుగుతూ ఉంటే పని సాగదు. ట్యూబులైటు ఒక్కతీరుగా ఉంటుంది. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, నాలుగో రోజుకి నీళ్ళు వేశాను.

రాజ్యమ్మగారు కుర్చీని గోడకి మూరెడు దూరంలోకి లాగించుకుని, తల కొద్దికొద్దిగా జరుపుకుంటూ చూసింది.

"ఇది గోదారి కాదు నాయనా. నీలిమందు ఎక్కువైన బకెట్టు."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "మరి ఏ రంగుండాలె పెద్దమ్మా?"

ఆమె గోడ మీదికి ఇంకాస్త వంగింది. "అదే కదా, నాకూ తెలీదు" అంది. "మాకు ఏటి మధ్య లంకలో చేను ఉండేది. ఇరవై రెండేళ్ళు రోజూ మొదటి పడవకి దాటాను. గంపలు జారకుండా చూసుకోవడం, చంటోడు ఏడవకుండా చూసుకోవడం, అవతల కూలోళ్ళు వచ్చేరో లేదోనని చూసుకోవడం. గోదార్ని మాత్రం చూళ్ళేదు. ఎప్పుడూ తొందరే. ఇప్పుడు తీరిగ్గా చూద్దామంటే చూపు లేదు."

"కొంచెమన్న గుర్తుండదా?"

"తెడ్డు పైకి లేస్తే దాని మీంచి నీళ్ళు కారేవి. అవి తెల్లగా ఉండేవి కాదు. ఎరుపా? కాదు. నాకు చెప్పడం రాదు. ఇంకా పొద్దు పొడవదు, కానీ వెలుగొచ్చేస్తుంది చూడు, అప్పుడు."

నేను తలూపాను. తలూపడం సులువు. ఫోటోలోని సూర్యుణ్ణి పక్కన పెట్టేసి, నీలం తగ్గించి, కాస్త ఆకుపచ్చ, కాస్త బూడిదరంగు కలిపి మళ్ళీ వేశాను. మూడు వారాలు పట్టింది. కొబ్బరిచెట్లు, లంక, రేవు మెట్లు, ఒక పడవ. ప్రతి చెట్టుకీ, పడవకీ కుడిపక్క నీడ పెట్టాను. గీత కత్తితో కోసినట్టుండాలి, అది నా పద్ధతి. త్రిమూర్తులుగారు ఫోటోలు తీసి బంధువులందరికీ పంపించాడు.

రాజ్యమ్మగారు గోడంతా తడిమినట్టు చూసి "బాగుంది నాయనా" అంది. మర్నాడు నేను చిన్న చిన్న సవరింపులకి వెళ్ళేసరికి ఆమె కుర్చీ గుమ్మం వైపు తిప్పి ఉంది. ఆ మర్నాడూ అంతే.

ఆ ఆదివారం పొద్దున నేను టిఫిన్ డబ్బా మరిచిపోయి పోతే హైమ తీసుకొచ్చింది. హైమ పదిహేనేళ్ళుగా ఉప్పల్లో ఒక మ్యాచింగ్ సెంటర్లో పనిచేస్తోంది. చీర తెచ్చి ముందు పడేస్తే నలభై ఆకుపచ్చల్లోంచి దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ లాగుతుంది. లోపలికొచ్చి రాజ్యమ్మగారికి నమస్కారం పెట్టి గోడ వంక చూసింది. నేను పొగడ్త కోసం చూస్తున్నాను. ఆమె డబ్బా కింద పెట్టి, పోయి కిటికీ కర్టెన్ లాగేసింది.

ఎనిమిది గంటల ఎండ గదిలోకి పడింది. నా నది పాచి పట్టిన తొట్టిలా అయిపోయింది. కొబ్బరాకులు నల్లబడ్డాయి.

"ట్యూబులైటు కింద మ్యాచింగ్ సూస్తే గిట్లనే అయితది" అంది హైమ. "మేము గుడ్డను బయటికి తీసుకపోయి ఎండల సూపెట్టందే కొయ్యం. గా నీడలేంది? ఎలుగు కిటికీ దిక్కునుంచి వస్తుంటే నీడలు కిటికీ దిక్కే పడ్డయేంది? అయినా పొద్దే పొడవలేదంటివి గదా, మరి నీడలెక్కడియి?"

"ఏమ్మా, నీకూ అలాగే అనిపించిందా?" అంది రాజ్యమ్మగారు, గుమ్మం వైపు తిరిగి ఉన్న కుర్చీలోంచే.

అంటే ఆమెకీ అనిపించింది. నన్ను నొప్పించడం ఇష్టంలేక బాగుందని ఊరుకుంది. అది తెలియగానే నాకు సిగ్గూ, కోపమూ కలిసి వచ్చాయి. కోపం ముందొచ్చింది.

"జాకెట్టు ముక్కలు కోసేదానివి, బొమ్మల సంగతి నీకేం ఎరుక?" అన్నాను. పరాయి ఇంట్లో, పెద్దావిడ ముందు.

నోరు దాటగానే తప్పని తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. హైమ కర్టెన్ మళ్ళీ దగ్గరికి లాగి, "పోయొస్త పెద్దమ్మా" అని వెళ్ళిపోయింది. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. అన్నం వేళకి కంచం పెట్టేది. ఆ కంచం చప్పుడు కూడా చెయ్యలేదు.

మూడోనాడు తెల్లవారుజామున ఆమెను లేపాను. "బండెక్కు" అన్నాను. ఎక్కడికని అడగలేదు, చున్నీ తలకి చుట్టుకుని ఎక్కింది. నాగోల్ వంతెన మీద ఆపాను. నాకు అందుబాటులో ఉన్న నది మూసీ ఒక్కటే.

వాసన సంగతి చెప్పక్కర్లేదు. కింద నురగ తెట్టెలు తెట్టెలుగా పోతోంది. ఒడ్డున పచ్చగడ్డి మడుల్లో ఇద్దరు మనుషులు వంగి గడ్డి కోస్తున్నారు. కొంగలున్నాయి. లారీ పోయినప్పుడల్లా వంతెన కాళ్ళ కింద వణికింది. తూర్పున చీకటి పల్చబడింది.

"ఏం రంగున్నయి నీళ్ళు?" అని అడిగాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను అడిగినందుకే ఆశ్చర్యపోయిందని ఇప్పుడనుకుంటాను. "నీకేం కనవడుతుంది?" అంది.

"నలుపు."

"నలుపు అడుగున ఉంది. మీద సూడు. గా గడ్డి పక్కన ఉల్లిపొర రంగు. మధ్యల బూడిద, దాంట్ల ఇంత గంధం. ఇగో మారింది. సూసినవా? ఇప్పుడు ఉల్లిపొర అంతట పాకింది. గా దూరంకెల్లి ఇటు వచ్చేకొద్ది తగ్గుతుంది."

చూశాను. మొదట ఆమె వేలు చూపించిన చోట్ల మాత్రమే కనబడింది. తర్వాత వేలు లేకపోయినా కనబడింది. ఏ వస్తువుకీ చుట్టూ గీత లేదు. గట్టు ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేం. నేను రంగులన్నిటినీ డబ్బా మూత మీది పేర్లతోనే చూశానని అక్కడ నిలబడితే తెలిసింది. సిగ్నల్ రెడ్డు, గోల్డెన్ ఎల్లో, ఆకాశనీలం. ఇరవై ఆరేళ్ళు ఈ మనిషితో కాపురం చేశాను. మా సొంత ఇంటి గోడకి ఏ రంగు వెయ్యాలని కూడా ఏనాడూ అడగలేదు. నాకు చాలా సిగ్గనిపించింది.

"ఆదివారం నేను అన్నది తప్పే హైమా."

"ఊఁ" అంది నీళ్ళ వైపు చూస్తూనే. కాసేపటికి, "ఇగ పా. ఎండ పడితే ఏం ఉండదు. ఆ గోడ మీద తెల్లరంగు కొట్టాలె" అంది.

ఆ రోజే కొట్టాను. రోలరు పట్టుకుని మూడు వారాల పనిని పావుగంటలో తుడిచేశాను. త్రిమూర్తులుగారు చప్పుడుకి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"బాగున్నదాన్ని ఏం చేస్తున్నారండీ? అమ్మకి మొన్నటికీ ఇవాళ్టికీ చూపు ఇంకా తగ్గింది. నిన్న గ్లాసు ఎక్కడుందో తెలీలేదు. మీరు మళ్ళీ మొదలెట్టి ముగించేసరికి ఏమీ మిగలకపోతే?"

రోలరు కింద పెట్టాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

"కానివ్వరా" అంది రాజ్యమ్మగారు. "ఇందాకటిది చూసేకంటే తెల్లగోడ చూడ్డం నయం."

హైమ సెంటర్లో సెలవు పెట్టింది. రోజూ అయిదున్నరకి ఆ ఇంటికి చేరేవాళ్ళం. కర్టెన్లు తెరిచేవాళ్ళం. ఏడుకి ఎండ ముదిరి ఆమె కంటికి గుచ్చుకోకముందే మూసేసి పని ఆపేవాళ్ళం. ట్యూబులైటు వెయ్యలేదు. రంగులు కలపడం పూర్తిగా హైమ పని. తెల్లరంగులో స్టెయినరు, అంటే చిక్కటి రంగు, ఒక్కొక్క చుక్కే వేస్తూ, పుల్లతో తిప్పి, కాగితం ముక్క మీద పూసి, ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసేది. నేను ఊరుకోలేక "చాలదా?" అంటే "జర ఆగు" అనేది.

ముందు తెడ్డు మీంచి కారే నీళ్ళ రంగు తేల్చాలంది. అది తేలితే మిగతాదంతా దాన్నిబట్టి వస్తుందట. కాగితం ముక్కలు ఒక్కొక్కటే రాజ్యమ్మగారి కంటికి జానెడు దూరంలో పెట్టింది. కాదు. కాదు. ఇదీ కాదు. రెండు పొద్దులు కాగితాలతోనే గడిచిపోయాయి. ఈ లెక్కన ఎప్పటికి తెములుతుందని నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. మూడోనాడు హైమ గంధం రంగులో ఉల్లిపొర కలిపి, ఇటుకపొడి రంగు సూది మొనంత తాకించింది. ఆ ముక్క ముందుకు పెట్టగానే రాజ్యమ్మగారు ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇదే" అంది. ఆ చేతిని కంటికి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మళ్ళీ అంది. "ఇదేనమ్మా."

ఆ తర్వాత పన్నెండు పొద్దులు. గీతలు గీయలేదు. నీడలు పెట్టలేదు. కుడిపక్క కిటికీ దగ్గర వెలుగు మొదలై, నీళ్ళ మీదుగా పాకి, ఎడమకి వచ్చేసరికి ఇంకా తెల్లవారనట్టే ఉంటుంది. నా చెయ్యి పాత అలవాటు కొద్దీ పడవ కింద కుడివైపు జరిగినప్పుడల్లా హైమ దగ్గేది. కొబ్బరిచెట్లు మసకలో ఉన్నాయా లేవా అన్నట్టు ఉండిపోయాయి. చివరి రోజున కిందికి దిగి చూస్తే, అంత మంచి పని నా చేతిమీదుగా ఎన్నడూ జరగలేదని తెలిసింది. సగం చెయ్యి నాది కాదనీ తెలిసింది. రెండూ ఒకేసారి సంతోషమే కలిగించాయి, అది నాకే వింతగా ఉంది.

రాజ్యమ్మగారు కుర్చీని కుడి చివర వేయించుకుంది. ఎండెక్కాక కర్టెన్ ఓరగా మూయించి, జానెడు జానెడు జరిపించుకుంటూ చూడ్డం మొదలుపెట్టింది. త్రిమూర్తులుగారు భోజనానికి రమ్మంటే "ఉండరా, ఇప్పుడే రేవు దాటాను" అంది. ఎడమ చివరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఒక నెలపాటు రోజూ పొద్దున అలాగే చూసిందట.

ఆషాఢం మొదట్లో వానలు పడ్డాయి. ఆ వారంలోనే ఉన్న కాస్త చూపూ పోయింది. త్రిమూర్తులుగారు ఫోన్లో చెప్పినప్పుడు నేను భూషణం షాపులో కంప్యూటరు ముందున్నాను. అవును, చేరాను. ఒక్క గోడతో ఇల్లు గడవదు. ఏసీ చల్లగానే ఉంటుంది. వాడు ఆ మాటతో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి.

"ఒక సాయం చేస్తారా?" అన్నాడు త్రిమూర్తులుగారు. "అమ్మ మీ ఆవిడ్ని పంపమంటోంది. గోడ ఇవాళ ఎలా ఉందో చెప్పాలిట. నేను చెబుతున్నానండీ, 'బాగుందమ్మా' అని. దానికి తిడుతోంది."

అప్పట్నుంచి ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం పోతున్నాం. హైమ మంచం పక్కన స్టూలు వేసుకుని, కుడినుంచి ఎడమకి చెబుతుంది. మబ్బు పట్టిన రోజు ఒకలా, తెరిపిచ్చిన రోజు ఒకలా ఉంటుంది గోడ. "ఇయ్యాల గంధం అణిగిపోయింది పెద్దమ్మా, బూడిదే ఎక్కువ. గా మెట్ల కాడ మాత్రం జర మెరుస్తుంది." నేను గోడకి ఆనుకుని కూర్చుని వింటాను. అవన్నీ నేనే వేశానా అనిపిస్తుంది.

మొన్నటి ఆదివారం రాజ్యమ్మగారు మధ్యలో ఆపింది.

"పడవ ఇంకా ఖాళీగానే ఉందా అమ్మాయ్?"

ఖాళీగానే ఉంది. మనుషుల్ని వెయ్యడం నాకు చేతకాదు. చెడిపోతుందని భయపడి వదిలేశాను. హైమ గోడ వంక చూసింది.

"లేదు పెద్దమ్మా. ఒకామె ఎక్కి కూసున్నది."

రాజ్యమ్మగారి ముఖం కదలలేదు. పడవ సంగతి ఆమెకి తెలుసు, నెల రోజులు చూసిన పడవే కదా. "గంపలున్నాయా?" అంది.

"లేవు. చేతుల ఏం లేదు."

"ఏం చేస్తోంది మరి?"

"నీళ్ళ దిక్కు సూస్తున్నది."

"అవతల పనుందేమో. దిగిపోవాలేమో తొందరగా."

"ఏం తొందర లేదు పెద్దమ్మా. ఊకెనే కూసున్నది."

కిటికీ అవతల సన్నగా వాన పడుతోంది. రాజ్యమ్మగారు ఒడిలో చేతులు విడదీసి మళ్ళీ కలుపుకుంది.

"అయితే ఇంకాసేపు కూర్చోమను" అంది.

హైమ నా వైపు తిరిగింది. ఆ పొద్దుటి వెలుగు మారిపోయే ఏడింటికి ఇంకా గంట టైముంది. నేను లేచి, బండి డిక్కీలో ఉన్న బ్రష్షుల కోసం మెట్లు దిగాను.